షెడ్డు లోపలి నుంచి విన్న సైలెన్సర్

2022 జూలైలో నన్ను నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల జిల్లా రవాణా కార్యాలయానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. జనం మాత్రం ఆ ఉద్యోగాన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, లారీలకూ ఆటోలకూ ఫిట్‌నెస్ చూడడం, ప్రమాదంలో దెబ్బతిన్న బండ్లను పరిశీలించి పోలీసులకు నివేదిక ఇవ్వడం మా రోజువారీ పని. చప్పుడు గురించి ఫిర్యాదులు వస్తాయి గానీ తక్కువ. వచ్చినా ఎక్కువగా మోటారు సైకిళ్ల మీదే ఉంటాయి.

నేను చేరిన కొద్దిరోజులకే ప్రజావాణి నుంచి, అంటే సోమవారం కలెక్టరేట్‌లో తీసుకునే అర్జీల నుంచి, ఒక కాగితం మా కార్యాలయానికి వచ్చింది. వడ్డేపల్లి మండలంలోని ఒక పల్లెలో కోళ్లు పెంచే తిమ్మప్ప అనే రైతు తన బామ్మర్ది కారు చప్పుడుకు కోళ్లు చస్తున్నాయనీ, దాన్ని ఆపించాలనీ రాశాడు. కార్యాలయంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పై అధికారి నవ్వకుండా నా పేరు రాసి పంపారు. మరునాడు జీపులో వెళ్లాను.

తిమ్మప్ప చెలకలో కట్టిన షెడ్డు పొడుగ్గా ఉంది. పైన సిమెంటు రేకులు, పక్కలకు జాలీ, జాలీకి పరదాలు, కింద వరిపొట్టు. మాంసం కోళ్ల పెంపకంలో కంపెనీ పిల్లల్ని, దాణాను ఇస్తుంది. షెడ్డు, నీళ్లు, చాకిరీ రైతువి. కోడి భయపడితే ఎటు పోవాలో తెలియక గుంపంతా ఒక మూలకు ఉరుకుతుంది. కిందపడినవాటి మీద మిగిలినవి ఎక్కుతాయి. అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి. దీన్ని వాళ్లు కుప్పపడడం అంటారు. అప్పటికే రెండుసార్లు కుప్పపడ్డాయి. ఇంకొకసారి అయితే మళ్లీ పిల్లల్ని దించేది లేదని కంపెనీ సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు. ఉన్న చెలకంతా షెడ్డే కాబట్టి, పిల్లలు రాకపోతే తిమ్మప్ప దంపతులకు వలస తప్ప మరో దారి లేదు.

“పూనా దిక్కు పోయి తట్టలు మోసి వచ్చినోళ్లం సారూ. మళ్ల పోయే ఓపిక లేదు,” అన్నాడు తిమ్మప్ప.

కారు అతని భార్య సుజాతమ్మ తమ్ముడు వెంకటేశుది. విత్తన పత్తి చేలను చూసుకునే ఫీల్డ్ ఉద్యోగం అతనిది. పొద్దున లేస్తే ఊళ్లు తిరగాలి. అక్క ఇచ్చిన జాగాలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటికి పోయే బాట షెడ్డు గోడను రాసుకుంటూ, సరిగ్గా అక్కడే కొంచెం ఎత్తెక్కి దిగుతుంది. వేరే బాట లేదు. బావాబామ్మర్దులు నా ఎదుటనే వాదులాట మొదలుపెట్టారు.

“ట్రాక్టర్ల మీద డీజేలు పెట్టుకొని తిరిగెటోళ్లను ఇడిసిపెట్టి నా కారే దొరికిందా సార్ మీకు?” అన్నాడు వెంకటేశు.

“డీజే ఏడాదికొక్కపారి వస్తది రా. నువ్వు దినాం వస్తవ్,” అన్నాడు తిమ్మప్ప.

సుజాతమ్మ ఇద్దరికీ చాయ్ గ్లాసులు ఇచ్చింది. ఎవరి వైపూ మాట్లాడలేదు.

కారు బెంగళూరులో వాడినది, టర్బో పెట్రోలు బండి. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఒత్తిడితోనే తిరిగే చిన్న పంకా. అది ఇంజనులోకి గాలిని ఎక్కించి బలం పెంచుతుంది. పొగ ఎంత సాఫీగా బయటికి పోతే అంత మంచిది. అందుకని పాత యజమాని పందేల సరదాతో పెద్ద టర్బో పెట్టించి, కంపెనీ ఇచ్చిన సన్న గొట్టాన్ని తీయించి, పిడికిలి దూరేంత వెడల్పు గొట్టం వేయించాడు. సైలెన్సర్లు రెండూ పీకించాడు. ఆ మార్పు వల్లనే బండి చవకగా వచ్చింది. పాత భాగాలు ఈ టర్బోకు కుదరవు కాబట్టి వెనక్కి వెళ్లే వీలు లేదు.

చప్పుడు కొలిచే పద్ధతి చెబుతాను. బండిని నిలిపి ఉంచి, గొట్టం చివరికి అర మీటరు దూరంలో, గొట్టం వరుసకు ఏటవాలుగా మీటరు పెడతాం. ఇంజనును దాని గరిష్ఠ శక్తి వేగంలో ముప్పావు వంతుకు తెచ్చి, కాసేపు నిలిపి, ఒక్కసారిగా వదిలేస్తాం. ఈ మొత్తంలో వచ్చిన పెద్ద అంకెను రాసుకుంటాం. షెడ్డుకు దూరంగా తారు రోడ్డు మీద కొలిచాను. హద్దు చాలా దాటింది. వదిలేసినప్పుడు గొట్టంలో టపాకాయల్లా పేలింది. లోపం సరిచేసి చూపించాలనీ, లేకపోతే రిజిస్ట్రేషన్ నిలిపివేస్తామనీ నోటీసు ఇచ్చాను. అందాక కారును రోడ్డు మీదనే ఉంచి ఇంటికి నడిచి పొమ్మన్నాను. వెంకటేశు ఒప్పుకున్నాడు గానీ మొహం తిప్పుకున్నాడు.

గద్వాలలో సైలెన్సర్లు చేసే వెల్డర్ రఫీక్. ట్రాక్టర్లకు, లారీలకు అతని చేతి పనే. వెంకటేశు అతని దగ్గరికి పోయాడు. వారం తిరగకముందే కారు మా ఆవరణకు వచ్చింది. కొలిస్తే అంకె హద్దుకు ఎంతో కిందనే ఉంది. వెంకటేశు మీటరు వైపు, నా వైపు చూసి నవ్వాడు. నేను పాసైందని కాగితం రాయకుండా, లోపల ఏం పెట్టావని రఫీక్‌ను అడిగాను.

“సైలెన్సర్ అంటే గదులే కద సార్. గదులు ఎక్కువైతే ఆవాజ్ తక్కువ. నాలుగు అడ్డాలు పెట్టిన. చీమ గిట్ల పోవాలన్నా దారి అడగాలె,” అన్నాడు.

ట్రాక్టరుకు ఆ పద్ధతి నడుస్తుంది. టర్బో బండికి పొగ ఆగితే వేడి వెనక్కి తన్నుతుంది. నిలబెట్టి కొలిచిన చప్పుడు బరువు లాగేటప్పటి సంగతి చెప్పదు. వెంకటేశు, రఫీక్, నేను కూర్చుని ఎర్రవల్లి చౌరస్తా మీదుగా బీచుపల్లి వైపు హైవే మీద పోయాం. మొదట బాగానే ఉంది. కృష్ణ వంతెన దాటి వేగం పెంచమన్నాక బండి మొండికేసింది. తొక్కినకొద్దీ బరువెక్కింది. కాలిన వాసన వచ్చింది. పక్కకు ఆపించి బానెట్ ఎత్తితే టర్బో డొప్ప కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రగా ఉంది. పక్కనే రబ్బరు గొట్టాలు, నూనె గొట్టం. అందరం దూరం జరిగాం. ఇంజను ఆపకుండా, నెమ్మదిగా తిరగనిచ్చి చల్లార్చమన్నాను. వేడి టర్బోను ఉన్నపళంగా ఆపితే నూనె అందక పాడవుతుంది. ఎరుపు దిగేదాకా అక్కడే నిలబడ్డాం.

“బండి అంటుకుంటుండెనా సార్?” అని వెంకటేశు అడిగాడు. ఇంకొంత దూరం పోయి ఉంటే అంటుకునేదేమో అన్నాను. రఫీక్ తన సైలెన్సర్ వైపు చూసి, “దీన్ని మా గల్లీల ఉండే మస్తాన్ అన్న ట్రాక్టర్‌కు ఏస్త. ఆయన తొందరపడెటోడు కాదు,” అన్నాడు.

సైలెన్సర్ ఎంచడం ఇన్‌స్పెక్టరు పని కాదు. చూసి అవునో కాదో చెప్పడమే మా బాధ్యత. కానీ అవతల షెడ్డు ఉంది, ఇవతల ఈ ఇద్దరికీ టర్బో సంగతి కొత్త. ఆదివారం నా సొంత తీరికలో వాళ్లతో వనపర్తి వెళ్లాను. అక్కడ కార్ల సామాను అమ్మే దుకాణాయన మూడు రకాలు ముందు పెట్టాడు. మొదటిది పొట్టిగా, మెరుస్తూ, చివర వెడల్పుగా ఉంది. అది మోత కోసమే చేసినది. రెండోది బరువైనది, గదులున్నది. వెలుతురుకు పెట్టి చూస్తే అవతలి వైపు కనపడలేదు. అంటే పొగ మలుపులు తిరగాలి. బీచుపల్లి కథ మళ్లీ మొదలవుతుంది. మూడోది అటక మీది నుంచి దుమ్ముతో దిగింది. కోలగా, పొడుగ్గా ఉంది. ఒక కంట చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు వెలుతురు నేరుగా కనిపించింది. లోపలి గొట్టం మన గొట్టమంత వెడల్పే ఉంది. దాని నిండా సన్న రంధ్రాలు, చుట్టూ గాజు ఉన్ని కూరి ఉంది. పొగ నేరుగా పోతుంది. చప్పుడు రంధ్రాల్లోంచి ఉన్నిలోకి పోయి అరుగుతుంది. వెడల్పు గొట్టానికి నిశ్శబ్దం కావాలంటే గొట్టం సన్నం చేయకూడదు, చుట్టూ ఉన్న డొప్పను పెంచాలి.

“ఇది యాడాదిన్నర సంది ఉన్నది సార్. సప్పుడు రాకుంటె ఎవడు కొంటడు? పోరగాళ్లు సప్పుడుకే పైసలిస్తరు,” అన్నాడు దుకాణాయన.

దాన్నే తీసుకున్నాం. అదే రకం చిన్నది ఇంకొకటి బండి నడుముకు పెట్టించాను. రెండు చోట్ల అరిగితే ఒకేచోట అరిగినదానికన్నా మేలు. రఫీక్ నేలకు తగలకుండా డొప్పను అడ్డంగా పడుకోబెట్టి అతికాడు. హైవే మీద బండి హాయిగా లాగింది, టర్బో ఎర్రబడలేదు. కార్యాలయంలో కొలిస్తే అంకె హద్దు లోపలే ఉంది.

నాకు ఒక అనుమానం మిగిలింది. మేము వాడే మీటరు మనిషి చెవికి అనుగుణంగా కీచుగా ఉండే సన్నటి చప్పుళ్లను పూర్తిగా లెక్కిస్తుంది, లోతైన బొంగురు చప్పుళ్లను తగ్గించి చూపుతుంది. పైగా పరీక్ష ఇంజను బాగా తిరిగేటప్పుడు చేస్తాం. కారు రెండో గేరులో నెమ్మదిగా ఎత్తెక్కేటప్పుడు గొట్టంలో ఒక లోతైన ఘూంకారం పుట్టి, నా ఛాతీకి తగిలింది. గాజు ఉన్ని ఆ లోతు చప్పుడును పెద్దగా అరగదీయదు. అయినా నియమం ప్రకారం బండి పాసైంది. నియమం ఇచ్చిన హక్కును అనుమానంతో ఆపడానికి నాకు అధికారం లేదు. సంతకం పెట్టాను. పెట్టి, షెడ్డు దగ్గర చూడకుండా ఆ బాటన పోవద్దని వెంకటేశుకు చెప్పాను.

ఈ సంగతి తెలిసి తిమ్మప్ప మండిపడ్డాడు. “కాయితం మీద వాని కారు మంచిదైంది. నా కోళ్లకు సదువు రాదు సారూ, కాయితం సూపిస్తె నమ్మయ్,” అన్నాడు. అతను షెడ్డు వైపే రానివ్వనంటే, వెంకటేశు కాగితం ఉంది కనుక వస్తానన్నాడు. మాటలు పెరుగుతుండగా సుజాతమ్మ మొదటిసారి నోరు తెరిచింది.

“ఇద్దరు గిట్లనే కొట్లాడుకుంటుంటె ఒకనాడు చెప్పకుండ వస్తడు. గప్పుడు లోపట ఎవ్వరుండరు. వచ్చేదేదో మనం లోపట ఉన్నప్పుడే రానియ్యి.”

తిమ్మప్ప చాలాసేపు తువ్వాలు మెలిపెట్టాడు. తర్వాత సరేనన్నాడు. మొదట ఒకటో గేరులో రావాలి, ఇంటి దాకా పోయి తిరిగి, తర్వాత రెండో గేరులో, అతను రోజూ వచ్చే పద్ధతిలో రావాలి. ఆగమని చెప్పాలంటే నేను విజిల్ ఊదుతాను. రఫీక్ కారులో కూర్చున్నాడు. మేము ముగ్గురం సాయంత్రం దాణా వేసినాక షెడ్డులోకి వెళ్లాం. లోపలికి పోయేముందు సుజాతమ్మ బకెట్టును రెండుసార్లు తట్టింది. తెలిసిన చప్పుడు వినిపిస్తే కోళ్లు బెదరవు. ఆమె ఒక మూలన, తిమ్మప్ప ఎదురు మూలన, నేను తలుపు దగ్గర నిలబడ్డాం.

ఒకటో గేరులో కారు పోయింది. దగ్గరి కోళ్లు తలలెత్తి చూసి మళ్లీ దాణా మీద వాలాయి. కారు తిరిగి రెండో గేరులో వచ్చింది. దూరం నుంచి చప్పుడే లేదు. ఎత్తు మొదలైన చోట ఆ ఘూంకారం పుట్టింది. బయట నిలబడితే ఎవరూ పట్టించుకోరు. లోపల సిమెంటు రేకులు గరగరమన్నాయి, వేలాడే దాణా డబ్బాలు గొణిగాయి. కోళ్లన్నీ ఒక్కసారి లేచాయి. అలలా ఎదురు మూలకు, తిమ్మప్ప ఉన్న మూలకు పోయాయి. కళ్ల ముందే మోకాలెత్తు కుప్ప పెరిగింది.

అరవకూడదు, చేతులు ఊపకూడదు. తిమ్మప్ప పాదాలు ఎత్తకుండా, ఈడ్చుకుంటూ కుప్పలోకి దూరి రెండు చేతులా పైవాటిని తీసి పక్కకు విడుస్తున్నాడు. సుజాతమ్మ అటు నుంచి అదే చేస్తోంది. ఈలోగా కారు రోడ్డు దగ్గర మళ్లీ తిరగడం వినిపించింది. లోపల ఏమైందో వెంకటేశుకు తెలియదు. విజిల్ వినపడలేదు కాబట్టి బాగుందనుకుని ఇంటికి బయలుదేరాడు. విజిల్ నా వేళ్ల మధ్యనే ఉంది. ఊదితే మిగిలిన కోళ్లు కూడా కుప్ప మీద పడతాయి. నేను తలుపు దాటేదాకా నెమ్మదిగా నడిచి, దాటినాక బాట మీదికి ఉరికాను. ఎత్తుకు ఇవతల కారుకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డాను. వెంకటేశు బ్రేకు తొక్కాడు. బంపరు నా మోకాళ్లకు దగ్గరగా వచ్చి ఆగింది.

“ఇంజను ఆపు,” అన్నాను. అతను నా మొహం చూసి తాళం తిప్పేశాడు.

చచ్చినవి తక్కువే. ఇద్దరూ మూలల్లో నిలబడి ఉండకపోతే లెక్క వేరుగా ఉండేది. తిమ్మప్ప వాటిని బయట వరుసగా పెట్టి కూర్చున్నాడు. బామ్మర్దిని ఒక్క మాట అనలేదు. తిట్టినప్పటి కన్నా అది వెంకటేశును ఎక్కువ భయపెట్టింది. అక్క దగ్గరికి పోయి, “కారు అమ్మేస్తనక్కా,” అన్నాడు. “అమ్మితే కొన్నోడు వేరే షెడ్డు పక్కకెళ్లి పోతడు. సార్ ఏమంటడో ఇను,” అందామె.

మరునాడు కంపెనీ సూపర్‌వైజర్ వస్తాడు. చచ్చిన కోళ్లను దాచే మనిషి కాదు తిమ్మప్ప. నేనూ వెళ్లి, జరిగింది పరీక్ష అనీ, లోపం ఏమిటో తెలిసిందనీ చెప్పాను. సూపర్‌వైజర్ చిన్న వయసువాడు, మర్యాదస్తుడు, మెతకవాడు కాదు. “సార్, మీరు చెప్పింది నమ్ముత. కని మా పైవాళ్లకు నేను చూసింది చెప్పాలె. ఈ బ్యాచ్ కోళ్లను అమ్మకానికి లేపకముందే, నేను లోపట నిలబడి ఉండంగ ఆ కారు పోవాలె. కుప్పైతే ఈ షెడ్డుకు పిల్లలు రావు. గింతకన్న నా చేతుల లేదు,” అన్నాడు.

లోతు చప్పుడును చంపడానికి వేరే మార్గం ఉంది. పెద్ద గొట్టానికి పక్కన ఒక కొమ్మలాంటి గొట్టం అతికి, దాని చివర మూసేస్తారు. ఘూంకారం ఆ కొమ్మలోకి పోయి, మూసిన చివర తగిలి తిరిగి వచ్చి, ఎదురొచ్చే ఘూంకారాన్నే కొట్టేస్తుంది. పొగకు ఏ అడ్డూ ఉండదు. అయితే కొమ్మ పొడవు సరిగ్గా ఆ చప్పుడుకు సరిపోవాలి. ఇంజను ఏ వేగంలో ఘూంకరిస్తుందో చూసి లెక్క వేశాను. దాదాపు మనిషి పొడవు వచ్చింది. లెక్కలో పొగ వేడి ఎంతో ఉజ్జాయింపే కాబట్టి కచ్చితంగా ఉండదు. అందుకని రఫీక్‌తో పొడుగ్గా చేయించి, బండి కింద మడిచి పెట్టించి, కొంచెం కొంచెం కోసుకుంటూ రావాలని నిర్ణయించాను.

కొలవడానికి మీటరు పనికిరాదు కనుక షెడ్డే కావాలి. పక్క ఊళ్లో కోళ్లు లేపేసిన ఖాళీ షెడ్డు దొరికింది. రేకులు అవే, దాణా డబ్బాలు అవే. వెంకటేశు దాని పక్కన ఎత్తున్న బాటలో రెండో గేరులో పోతాడు. నేను లోపల ఒక డబ్బా మీద అరచేయి పెట్టి నిలబడతాను. వణికితే రఫీక్ కొమ్మ చివరను వేలెడు కోసి మళ్లీ మూత అతుకుతాడు. ఎక్కువ కోస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి. పొద్దున మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. ఇంకొక ముక్క కోశాక చేతికి ఏమీ తెలియలేదు.

“ఇంకొంచెం కోద్దమా సార్?” అన్నాడు రఫీక్. వద్దన్నాను. “మంచిగైనప్పుడు ఆగుడు మా పనిల అందరికి రాదు సార్,” అని మూత గట్టిగా అతికాడు. కార్యాలయంలో మళ్లీ కొలిచి, ఈ మార్పును కూడా నమోదు చేశాను.

సూపర్‌వైజర్ చెప్పిన రోజు సాయంత్రం నలుగురం షెడ్డులో నిలబడ్డాం. కోళ్లు ఇంకా బరువెక్కాయి. ఈసారి కుప్పపడితే చేత్తో తీయడం కూడా కష్టం. విజిల్ మానేసి, జాలీలోంచి నేను సైగ చేస్తే ఊపాలని రఫీక్‌ను బాట మీద తువ్వాలుతో నిలబెట్టాను. తిమ్మప్ప తన మూలను విడిచి గోడ పక్కకు, బాటకు దగ్గరగా వచ్చాడు. మొదటి దెబ్బ తగిలేది అక్కడే.

కారు రెండో గేరులో ఎత్తెక్కింది. టైర్ల కింద గులకరాళ్లు వినిపించాయి. ఇంజను వినిపించింది. రేకులు పలకలేదు. గోడ పక్క కోళ్లు కొన్ని లేచి నిలబడ్డాయి. కోళ్లు అటూ ఇటూ చూసి, ఒకటొకటిగా కూర్చున్నాయి. సూపర్‌వైజర్ చేతితో ఇంకొకసారి అని సైగ చేశాడు. కారు మళ్లీ పోయింది. మూడోసారి ఆ కొన్ని కూడా లేవలేదు.

“పిల్లలు దింపుతం,” అన్నాడు సూపర్‌వైజర్ బయటికి వచ్చాక. తిమ్మప్ప తలూపి, కారు దిగుతున్న వెంకటేశుతో, “ఏం రా, ఇయ్యాల ఇంటికి కార్ల పోతవా, నడిచి పోతవా?” అన్నాడు. సుజాతమ్మ నవ్వింది. తర్వాతి బ్యాచ్ అనుకున్న ప్రకారం దిగింది. నేను గద్వాలలో ఉన్నన్నాళ్లూ ఆ ఊరి నుంచి మరో అర్జీ రాలేదు.

ఉద్యోగంలో మిగిలిన కాలం చప్పుడు ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నేను రెండు పనులు చేశాను. నియమం చెప్పిన చోట మీటరు పెట్టి అంకె రాసుకున్నాను. తర్వాత ఫిర్యాదు చేసిన మనిషి ఇంట్లోనో, కొట్లోనో నిలబడి బండిని నడిపించి విన్నాను. మీటరు అంకె బండి గురించి చెబుతుంది. ఆ చప్పుడు ఎవరి మీద పడుతుందో దానికి తెలియదు.